యుద్ధం లేని లోకంలో కిరాయి దండుకు పని ఎవరిస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఐదుగురు ప్లేయర్లు, డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒకరు కథ నడిపిస్తే మిగతావాళ్ళు అందులో పాత్రలుగా ఆడే బల్ల ఆట) ఐదో ఎడిషన్, అందరూ కలిసి కిరాయి సైనికుల దండుగా ఆడదామని సరదాపడ్డారు. మీ లోకంలో ఇరవై ఏళ్ళుగా యుద్ధమే లేదు. ఒక ఓడరేవు పట్నం ఉంది, దాని పైన కొండల్లో డ్వార్ఫుల (పొట్టి మనుషుల జాతి) వెండి గని ఉంది, రాజధానిలో ముసలి రాజు మంచాన పడి ఉన్నాడు. మూడు సెషన్లయ్యాయి. రెండుసార్లు బండ్లకు కాపలా వెళ్ళారు, ఒకసారి గాబ్లిన్లనే చిన్న రాక్షసుల గుహ ఖాళీ చేశారు. నాలుగో ఆదివారానికి ఏం పని ఇవ్వాలో తోచక "యుద్ధం పెట్టేయనా?" అని అడుగుతున్నారు.

పెట్టకండి. కనీసం ఇప్పుడే వద్దు. యుద్ధం వస్తే మీ ఐదుగురూ పదివేలమందిలో కలిసిపోతారు, పైనుంచి ఎవరో "ఆ కొండెక్కండి" అంటే ఎక్కాలి, అంతే.

సూటిగా చెప్పాలంటే, పని కోసం వెతక్కండి, పని పడ్డ మనిషి కోసం వెతకండి. చేతిలో డబ్బుండి, తీరని అవసరమొకటి నెత్తిన కూర్చుని, దానికి తన సొంత మనుషుల్ని పంపలేనివాడు ఎవడో చూడండి. మూడోదే ముఖ్యం. డబ్బున్న ప్రతివాడికీ నౌకర్లుంటారు, కాపలావాళ్ళుంటారు, పనీపాటా లేని బావమరుదులుంటారు. వాళ్ళందర్నీ పక్కనపెట్టి ఊరూపేరూ తెలియని ఐదుగురికి డబ్బిచ్చి ఎందుకు పంపుతున్నాడు? ఆ "ఎందుకు" ఒక్క వాక్యంలో రాయగలిగితే రెండు సెషన్లకు సరిపడా కథ దొరికినట్టే. రాయలేకపోతే ఎన్ని రంగులు పూసినా అది మళ్ళీ బండ్ల కాపలానే.

నేను పన్నెండేళ్ళుగా ఆట నడిపిస్తున్నాను, అందులో నాలుగేళ్ళు ఒకే దండు కథ. మొదట్లో నేనూ మీరు చేసిందే చేశాను. వరసగా నాలుగు కాపలా పనులు ఇచ్చాక మావాళ్ళలో ఒకడు క్యారెక్టర్ షీటు (తన పాత్ర వివరాల కాగితం) బల్లమీద బోర్లా పెట్టి "అన్నా, మనం వీరులమా, ఏటీఎం దగ్గర సెక్యూరిటీ గార్డులమా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ వారమంతా అదే మాట చెవిలో మోగింది.

అప్పుడు కూర్చుని నిజం కిరాయి సైనికులు ఎలా బతికారో చదవడం మొదలుపెట్టాను. బైజాంటైన్ (తూర్పు రోమన్) చక్రవర్తి రెండో బేసిల్ మీద సొంత సేనాపతులే తిరగబడ్డారు, అలాంటప్పుడు 988 ప్రాంతంలో కీవ్ రాజు వ్లాదిమిర్ పంపిన ఆరువేలమంది ఉత్తర ఐరోపా యోధులు ఆయనకు ప్రాణం పోశారు. తర్వాత వాళ్ళలోంచే వరాంగియన్ గార్డు అనే అంగరక్షక దళం తయారైంది. ఆయనకు సైన్యం లేక కాదు. ఉన్న సైన్యంలో ఎవడు ఏ సేనాపతికి మేనల్లుడో తెలియక. భాష రాని, చుట్టరికం లేని, జీతం తప్ప ఇంకో లంకె లేని మనిషి ఆయనకు పక్కనున్నవాడి కంటే నమ్మకస్తుడయ్యాడు.

అంతదూరం ఎందుకు, మన హైదరాబాదే చూడండి. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో నిజాం కొలువులోని అమీర్ల దేవిడీల (భవనాల) ముందు కాపలా కాసింది చాలావరకు అరబ్బు జమాదార్ల మనుషులు, రోహిల్లాలనే పఠాన్లు. వాళ్ళు కాపలాతో ఆగలేదు. అప్పులిచ్చారు, ఇతరుల అప్పులు వసూలు చేసిపెట్టారు, జీతం బదులు తాలూకాల శిస్తు రాయించుకున్నారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్‌కు వాళ్ళ జోరు తగ్గించడానికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు హలీం తినడానికి వెళ్ళే బర్కస్ పేరు కూడా బ్యారక్స్ నుంచి వచ్చిందే. నేను ఇది చదివిన రోజే నా క్యాంపెయిన్‌లో ఒక జమీందారు మావాళ్ళకు జీతం ఇవ్వలేక ఒక వంతెన మీద సుంకం వసూలు హక్కు రాసిచ్చాడు. ఆ ఒక్క వంతెన మీద ఆరు సెషన్లు నడిచాయి. వంతెన చేతిలో పడగానే మావాళ్ళే యజమానులైపోయారు, వాళ్ళకే కిరాయి మనుషులు కావలసొచ్చారు!

నా నోటుబుక్కులో "సొంత మనుషుల్ని ఎందుకు పంపలేడు" అని ఒక పేజీ ఉంది. అందులో ఎక్కువసార్లు పనికొచ్చినవి చెప్తాను. తన మనుషులు ఎవరి మనుషులో అతనికే తెలియదు. లేదా చుట్టరికం అడ్డం, అంటే కాపలావాడి అత్తగారి ఊరు మీదికి ఆ కాపలావాణ్ణి పంపలేడు. పేరు బయటికి రాకూడదు. ప్రమాణం అడ్డం వస్తుంది, దేవుడి ముందో పెద్దల ముందో "నేనూ నా వంశమూ ఆ గడప తొక్కం" అన్నాడు కాబట్టి తొక్కే కాళ్ళు అద్దెకు కావాలి. గడువు అయిపోయింది, ఇది కూడా నిజంగా జరిగేదే, ఐరోపాలో సామంతుడు రాజుకు ఉచితంగా చేయాల్సిన సైనిక సేవ మామూలుగా ఏడాదికి నలభై రోజులు, నలభై ఒకటో రోజు నుంచి డబ్బు లెక్కపెట్టాల్సిందే. ఇంకా కోతల కాలం. మనుషులంతా పొలాల్లో ఉన్నారు, అప్పుడే దొంగలూ వస్తారు.

"పోతే పోయారులే" అనేది కూడా ఒక కారణమే, కానీ అతిగా వాడకండి. ప్లేయర్లు పసిగడతారు.

యుద్ధం లేకపోవడం మీకు కలిసొచ్చే సంగతి. కిరాయి దండు చరిత్రలో ఘోరాలైనా వింతలైనా సంధి కుదిరిన మర్నాడు మొదలవుతాయి. 1302లో సిసిలీ యుద్ధం సంధితో ముగిసేసరికి అక్కడ పోరాడిన కాటలాన్ దండుకు పని పోయింది. నాయకుడు రోజర్ డి ఫ్లోర్ వాళ్ళను కాన్‌స్టాంటినోపుల్‌కు తీసుకుపోయి బైజాంటైన్ చక్రవర్తి కొలువులో పెట్టాడు. 1305లో అక్కడివాళ్ళే అతన్ని చంపేశారు. దండు చెదరలేదు సరికదా, ఊళ్ళు దోచుకుంటూ దక్షిణానికి దిగి ఏథెన్స్ ప్రభువు దగ్గర కొలువు సంపాదించింది. పని పూర్తయ్యాక ఆయన కొంతమందినే ఉంచుకుని, మిగతావాళ్ళకు బకాయి ఎగ్గొట్టి పొమ్మన్నాడు. 1311లో వాళ్ళు ఆయన్ను యుద్ధంలో చంపి ఏథెన్స్‌నే తీసేసుకున్నారు, డెబ్భై ఏళ్ళకు పైగా ఏలారు. బకాయి ఎగ్గొట్టిన పాపానికి రాజ్యం పోయింది. ఇంతకంటే మంచి క్యాంపెయిన్ ప్లాటు నేను జన్మలో రాయలేను.

అలాగే 1360లో ఇంగ్లండ్, ఫ్రాన్సు రాజులు బ్రెటిన్యీలో సంధి చేసుకోగానే వేలమంది సైనికులు రోడ్డున పడ్డారు. రెండేళ్ళకే, 1362లో, వాళ్ళను అణచడానికి వచ్చిన ఫ్రెంచి రాజు సైన్యాన్నే బ్రిన్యే దగ్గర ఓడగొట్టారు. మరి మీ లోకంలో ఇరవై ఏళ్ళ కిందటి యుద్ధం ముగిశాక ఆ సైనికులంతా ఏమయ్యారు? వాళ్ళకిప్పుడు నలభై, యాభై ఏళ్ళుంటాయి. కొందరికి భూములిస్తామన్నారు, ఇవ్వలేదు. అలాంటి పాతికమంది ముసలి సైనికులు ఒక రేవు దగ్గర అడ్డం కూర్చుని "మా భూమి పట్టాలు ఇచ్చేదాకా పడవ కదలదు" అంటే, వాళ్ళను లేపడానికి మీ దండును పిలుస్తారు. తమ భవిష్యత్తు ముందే గడ్డంతో కూర్చుని ఉంటే మీవాళ్ళు ఏం చేస్తారో చూడాలని నాకే ఉంది.

ఇక డబ్బు. చాలామంది డీఎంలు, అంటే ఆట నడిపేవాళ్ళు, ఇక్కడే తప్పు చేస్తారు. దండు అని పేరు పెట్టి ఖర్చు పెట్టరు. ఐదో ఎడిషన్ నియమాల్లో ఆయుధం పట్టడం వచ్చిన కిరాయి మనిషికి కనీస కూలి రోజుకు 2 బంగారు నాణేలు. మీ ఐదుగురి కింద ముప్ఫైమంది ఉన్నారనుకోండి, రోజుకు 60, నెలకు 1800. మొత్తం ఒంటికి తొడిగే ప్లేటు కవచం ధర 1500. అంటే వీళ్ళు పని లేకుండా ఖాళీగా సత్రంలో కూర్చున్న ప్రతి నెలా ఒక కవచం, పైన ఇంకో 300 కరిగిపోతున్నట్టు. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి బల్ల మధ్యలో పెట్టండి చాలు. నేను పెట్టాక పని వెతికే బాధ్యత నా నెత్తిమీంచి దిగిపోయింది. మావాళ్ళే "ఊళ్ళో ఎవరికి ఎవరితో పడట్లేదు?" అని అడగడం మొదలుపెట్టారు. అంతకుముందు తీసిపారేసిన పనులు, నూతిలో పడ్డ గంట తీయడం లాంటివి కూడా, నాలుగు నాణేలు తెస్తాయంటే ముద్దొచ్చాయి. అందరికీ లెక్కలు నచ్చవు, నిజమే. మా గ్రూపులో ఒకడు ఆడిటింగ్ ఉద్యోగి, వాడికి ఖాతా అప్పజెప్పాను, తక్కినవాళ్ళు వాడి మొహం చూసి పరిస్థితి తెలుసుకుంటారు.

మీ లోకంలో మంత్రాలున్నాయన్న సంగతి పనుల విషయంలో కూడా గుర్తుంచుకోండి. మామూలు చరిత్రకూ మన ఆటకూ తేడా అక్కడే, పైగా బండ్ల కాపలా ఎందుకు చప్పగా ఉందో కూడా అక్కడే తెలుస్తుంది. ఊరి నుంచి ఊరికి మంత్రద్వారం తెరవగల మంత్రగాడు ఉంటే వజ్రాల వర్తకుడు రోడ్డెక్కడు. కానీ ఆ మంత్రానికి ప్రతిసారీ 50 బంగారు నాణేల సామగ్రి ఖర్చైపోతుంది, ద్వారం తెరిచి ఉండేది ఆరు సెకన్లు. ఆరు సెకన్లలో ఉప్పు బస్తాలు ఎన్ని దాటిస్తారు? కాబట్టి మీ రోడ్ల మీద వెళ్ళేది బరువైనవీ చవకైనవీ, ఉప్పు, ధాన్యం, రాయి, పశువులు. లేదంటే మంత్రగాడి కంట పడకూడనివి. మామూలు ఉప్పు బండికి మామూలు కంటే మూడింతల కాపలా కూలి ఎవడైనా ఇస్తున్నాడంటే మీ ప్లేయర్లకు అక్కడే చెవులు నిక్కబొడుచుకోవాలి.

ఇంకొకటి, శవాలను లేపే మాంత్రికుడు ఉన్న ఊళ్ళో మీ దండుకు పోటీ ఎవరో ఆలోచించారా? అస్థిపంజరం కూలి అడగదు, తిండి అడగదు. నా లోకంలో ఒక గని యజమాని రాత్రి కాపలాకు అస్థిపంజరాలను పెట్టుకుని మావాళ్ళను పనిలోంచి తీసేశాడు. వాళ్ళకు వచ్చిన కోపం ఏ డ్రాగన్ మీదా రాలేదు. మూడు సెషన్ల తర్వాత అదే యజమాని పరుగెత్తుకుంటూ వచ్చాడు, మావాళ్ళు రేటు ఐదింతలు చేశారు. వందల ఏళ్ళు బతికే ఎల్ఫులుంటే రెండొందల ఏళ్ళ కిందటి ఒప్పందం పట్టుకొచ్చి "మీ దండు పేరు మీద సంతకం ఉంది, మిగిలిన పదకొండు రోజుల పని చేసిపెట్టండి" అనొచ్చు. చచ్చిన దొరను డబ్బు పోసి మళ్ళీ బతికిస్తే ఆస్తి అప్పటికే పంచుకున్న కొడుకులు ఏమంటారు? అటు దొరా, ఇటు కొడుకులూ మనుషుల్ని పెట్టుకుంటారు.

నా టేబుల్ మీద అన్నిటికంటే బాగా నడిచిన పని చెప్తాను. అది కాలువ నీళ్ళ తగాదా. మన ఆయకట్టు ఊళ్ళలో పెరిగినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు, పై ఊరివాళ్ళు రాత్రిపూట తూము ఎత్తేస్తారు, చివరి భూములు ఎండుతాయి. నా కథలో చివరి ఊరివాళ్ళు చందాలేసుకుని 140 బంగారు నాణేలు పోగుచేశారు, మిగతాది బియ్యం బస్తాల్లో ఇస్తామన్నారు. సొంత మనుషుల్ని ఎందుకు పంపలేదంటే తూము దగ్గర కాపలావాడు తమ ఊరి పెద్దకే అల్లుడు. పని చెప్పడానికి సులువు, తొమ్మిది రాత్రులు తూము దగ్గర నిలబడాలి, ఎవర్నీ ముట్టుకోనివ్వకూడదు.

రెండో రాత్రికి పై ఊరివాళ్ళు కూడా ఒక దండును తెచ్చారు. పద్దెనిమిదిమంది. దాని నాయకురాలు మా ఫైటర్‌తో (కత్తి పట్టే పాత్రతో) ఒకప్పుడు ఒకే గుడారంలో పడుకున్న పాత సైనికురాలు. ఇది నేను ఇటలీలోని నోవారా నుంచి ఎత్తుకొచ్చాను. 1500లో మిలాన్ ప్రభువు లుడోవికో స్ఫోర్జాకూ ఫ్రెంచివాళ్ళకూ మధ్య అక్కడ యుద్ధం జరగాలి, రెండువైపులా స్విస్ కిరాయి సైనికులే. మాలో మేం కొట్టుకోం అన్నారు. లుడోవికో స్విస్ సైనికుడి వేషంలో వాళ్ళ మధ్యలోంచి జారుకోబోయి పట్టుబడ్డాడు, ఫ్రాన్సులో బందీగానే పోయాడు. మావాళ్ళూ అంతే, మూడో రాత్రి రెండు దండ్లూ కలిసి వంట చేసుకున్నాయి. పగలు కేకలు, రాత్రి పేకాట. తొమ్మిది రోజుల కూలి రెండువైపులా పడుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. నేను డైస్ పక్కనపెట్టి చూస్తూ కూర్చున్నాను.

కానీ కాలువలో నీళ్ళు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి, తూము ఎవరూ ముట్టుకోకపోయినా. పైకి వెళ్ళి చూస్తే ఒక మంత్రగాడు తన మేడ తోటలో ఫౌంటెన్ కోసం నీటిభూతాన్ని బంధించి పెట్టుకున్నాడు. వాళ్ళను చూసి అతను భయపడలేదు, రెండు దండ్లకూ రెట్టింపు కూలి ఇస్తాను, నా మేడకు కాపలా ఉండండి అన్నాడు. బల్ల దగ్గర దాదాపు రెండు గంటలు వాదన. చివరికి మా ఆడిటర్ కాగితం తీసి ఒప్పందం రాశాడు, మంత్రగాడు మంత్రముద్రతో సంతకం చేశాడు, మాట తప్పలేడు. అందులో ఏడో షరతు "దండు ఎక్కడ గుడారం వేస్తే అక్కడికి సరిపడా నీళ్ళు యజమానే అందించాలి" అని. సంతకం ఆరాక మావాళ్ళు నింపాదిగా దిగొచ్చి కాలువ చివరి ఊళ్ళో గుడారం వేశారు.

ఆ రోజు నుంచి నాకు ఒప్పందం మీద గౌరవం పెరిగింది. ఒప్పందాన్ని నిజంగా కాగితం మీద రాసి ప్లేయర్ల చేతిలో పెట్టండి. ఇటలీలో కిరాయి నాయకులకు కొండొట్టియేరి అనే పేరే కొండొట్టా, అంటే ఒప్పందం, అనే మాట నుంచి వచ్చింది. ఎంతమంది మనుషులు, ఎన్ని గుర్రాలు, ఎన్ని నెలలు, గడువు అయ్యాక యజమాని ఇష్టమైతే ఎన్నాళ్ళు పొడిగించవచ్చు, పనిలో గుర్రం చస్తే పరిహారం ఎంత, అన్నీ రాసుకునేవాళ్ళు. మీకు అన్నీ అక్కర్లేదు. అడ్వాన్సు ఎంత, దొరికిన సొమ్ములో వాటా ఎవరిది, పని అయిందని ఎవరు తేలుస్తారు, యజమాని మధ్యలో చస్తే ఏమిటి. ఈ నాలుగూ చాలు.

మూడోది మీద ఒక మాట. మా నాన్న చిన్న సివిల్ కాంట్రాక్టరు. ఒకసారి ఊరి కల్వర్టు కట్టారు, దానిమీద బస్సులు కూడా తిరుగుతున్నాయి, కానీ కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో కొలతలు ఎక్కలేదని ఒక ఆఫీసులో రెండేళ్ళు బిల్లు ఆపారు. ఆ రెండేళ్ళూ ఇంట్లో టెన్షన్ ఎలా ఉండేదో నాకు గుర్తుంది. అందుకే నా లోకంలో రాక్షసుడి కంటే ముందు గుమస్తా ఉంటాడు. రాక్షసుణ్ణి చంపాక "తల తెచ్చారు సరే, అది ఆ రాక్షసుడి తలే అని గ్రామపెద్ద సంతకం ఏది?" అంటాడు. గ్రామపెద్దను ఆ రాక్షసుడే తినేశాడు.

దానికి ఎదురు ఆట కూడా ఉంది. కిరాయి దండ్లు యజమానులను మోసం చేయడంలో ఏం తక్కువ తినలేదు, వంద గుర్రాలకు జీతం తీసుకుని అరవై పెట్టడం, తనిఖీ రోజున పక్క దండు దగ్గర అరువు తేవడం. అల్లావుద్దీన్ ఖిల్జీ గుర్రాలకు వాతలు వేయించింది ఆ మోసం ఆపడానికే. మీవాళ్ళు ముప్ఫైమందికి ఒప్పుకుని ఇరవైరెండు మందితో ఉన్నప్పుడు తనిఖీ అధికారి వస్తున్నాడని చెప్పండి. సాయంత్రంలోపు ఎనిమిదిమందిని ఎక్కడినుంచి తెస్తారో, ఆ సెషన్ దానంతటదే నడుస్తుంది. మావాళ్ళు ఊరి నాటక బృందాన్ని తెచ్చారు, వాళ్ళు అధికారి ముందు అసలు సైనికుల కంటే బాగా కవాతు చేశారు, ఆయన వాళ్ళనే ముందు వరసకు వేశాడు.

పని చెప్పేటప్పుడు అబద్ధం చెప్పే యజమాని కూడా పాతవాడే. క్రీ.పూ. 401లో పర్షియా రాకుమారుడు సైరస్ పదివేలకు పైగా గ్రీకు సైనికుల్ని పెట్టుకుని పిసిడియా కొండజాతుల మీదికి అన్నాడు. నిజానికి సొంత అన్న, చక్రవర్తి, మీదికి. దారిలో వాళ్ళకు అనుమానమొచ్చి కదలం అంటే నెలకు ఒక డారిక్ (బంగారు నాణెం) ఉన్న జీతం ఒకటిన్నర చేశాడు. వెళ్ళారు. యుద్ధంలో వాళ్ళవైపు గెలుపే, కానీ సైరసే చచ్చిపోయాడు. పరాయి దేశం నడిమధ్యలో జీతమిచ్చేవాడు లేని పదివేలమంది. మీరు ఎప్పుడైనా క్యాంపెయిన్ మలుపు తిప్పాలంటే ఇది దాచుకోండి.

కానీ ప్రతి యజమానీ మోసగాడైతే ఆట చస్తుంది. నేను ఒక దశలో ఆ మత్తులో పడ్డాను. వరసగా మూడు పనుల్లో వెన్నుపోటు. నాలుగో పని చెప్పేసరికి మావాళ్ళు ఒప్పుకునే ముందే యజమాని ఇంట్లో దొంగతనంగా వెతకడం మొదలుపెట్టారు, పాపం ఆవిడ నిజంగానే మంచిది. ఇప్పుడు ఐదింట నాలుగు పనులకు డబ్బు రోజుకు రోజే, నవ్వుతూ, అప్పుడప్పుడు భోజనం పెట్టి మరీ ఇప్పిస్తాను.

ఇంకో జాగ్రత్త. కిరాయి పని అంటే ఎప్పుడో ఒకప్పుడు పేదవాడి గడప దగ్గరికి కత్తితో వెళ్ళమంటారు. నేను ఒకసారి ఒక గ్రామాన్ని ఖాళీ చేయించే పని పెట్టాను, కథలో అది తిరగబడుతుందని నా ప్లాను. కానీ మా టేబుల్ దగ్గరున్న ఒకామె కుటుంబం నిజంగానే అలా ఊరు వదిలి వచ్చినవాళ్ళని నాకు తెలియదు. ఆమె నిశ్శబ్దంగా లేచి వెళ్ళిపోయింది. తర్వాత క్షమాపణ చెప్పుకున్నాననుకోండి, అది వేరే. ముందే అడగండి, ఏ పనులు అసలు పెట్టకూడదో.

పని తెచ్చేవాడి గురించి కూడా చెప్పాలి. సత్రంలో నోటీసు బోర్డు తీసేయండి. తెల్లారితే అడ్డా మీద కూలీలు నిలబడతారు చూడండి, మేస్త్రీ వచ్చి మొహాలు చూసి ఎంచుకుంటాడు. అలాంటి మేస్త్రీ ఒకడిని మీ ఓడరేవులో పెట్టండి, పదింట ఒక వంతు కమీషన్, అందరి గుట్టూ తెలుసు, పోటీ దండుకు కూడా వాడే పని చూస్తాడు. నేను నెలకోసారి, అంటే ఆటలో నెల, ఆరుగురు డబ్బున్నవాళ్ళ పేర్లకు ఒక్కో డైస్ వేస్తాను. ఒకటి పడ్డవాడికి ఆ నెల మనుషులు కావాలి. ఎవరికీ పడకపోతే ఖాళీ నెల, 1800 ఖర్చు. ఇద్దరికి పడితే వాళ్ళిద్దరికీ ఒకరిమీదికి ఒకరు పంపడానికే మనుషులు కావాలన్నమాట.

ఇప్పుడు మీ ఆదివారం సంగతి. మీరు చెప్పిన మూడు చోట్ల నుంచి మూడు పనులు.

ఓడరేవు: ఈ ఏడాది సుంకాల వసూలు ఇజారా వేలంలో పాడుకున్నవాడికి ఊళ్ళో సగం పడవలవాళ్ళు చుట్టాలే. మొహమాటం లేని మనుషులు కావాలి. ముప్ఫై రోజులు రేవులో నిలబడి బస్తాలు లెక్కపెట్టడమే పని. నాలుగో రోజు లెక్కలో ఉప్పు బస్తా ఒకటి ఉండాల్సినదానికి మూడింతల బరువు తూగుతుంది.

గని: డ్వార్ఫులకు సొంత యోధులున్నారు, కానీ తమ వంశం రక్తం మీద గొడ్డలి ఎత్తబోమని ప్రమాణం. కింది సొరంగంలో తలుపు వేసుకుని కూర్చున్నది ఆ వంశపు ముసలావిడే, గని ఖాతా పుస్తకంతో సహా. ఆవిణ్ణి గీత పడకుండా పైకి తేవాలి.

రాజధాని: నేనైతే దీంతోనే మొదలుపెడతాను. పెద్ద రాకుమారుడు మీ దండును పిలిచి నలభై రోజులకు పూర్తి జీతం ఇస్తానంటాడు. పని ఏమీ లేదు. సత్రంలో ఉండాలి, వేరే ఎవరి పనీ ఒప్పుకోకూడదు. నవ్వొచ్చే పని కాదిది. 1375లో జాన్ హాక్‌వుడ్ అనే ఇంగ్లిష్ దండు నాయకుడికి ఫ్లోరెన్స్ నగరం తమ మీదికి రాకుండా ఉండటానికే 1,30,000 బంగారు ఫ్లోరిన్లు ఇచ్చింది, తర్వాత ఆయన ఫ్లోరెన్స్ కొలువులోనే చేరి 1394లో అక్కడే పోయాడు, ఆయన బొమ్మ ఇప్పటికీ ఆ నగరం పెద్ద చర్చి గోడ మీద ఉంది. మీ రాకుమారుడు కొంటున్నదీ అదే. మొదటి వారం మేస్త్రీ ఒక మంచి పని తెస్తాడు, వద్దనాలి. రెండో వారం చిన్న రాకుమారుడి మనిషి రెట్టింపు తెస్తాడు. మూడో వారం మీ ముప్ఫైమందిలో ఒకడు ఊరికే కూర్చోలేక ఎవరి తలో పగలగొడతాడు. ముసలి రాజు ఏ రోజు పోతాడో మీరు డైస్ వేసి దాచుకోండి, ఎవరికీ చెప్పకండి.

అడ్వాన్సు ఎంత ఇవ్వాలని చివర్లో అడిగారు కదా. సగం. రాకుమారుడి చేత వెండి నాణేల్లో ఇప్పించండి, గని ముద్ర లేని వెండి. రేవులో బరువు తూగిన బస్తా ఎవరిదో దాన్నిబట్టి తెలుస్తుంది. మీవాళ్ళలో ఎవరైనా నాణెం తిప్పి చూశారో లేదో సోమవారం ఇక్కడే రాయండి.